చూపు తక్కువున్న పాపకి ట్యాబ్ కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి

మీరు అడిగింది ఇదీ: పాపకి చూపు బాగా తక్కువ, మామూలు బడిలోనే ఏడో తరగతి, ట్యాబ్ కొనిస్తే పాఠాలు విని చదువుకోగలదా, ఏ యాప్ మంచిది అని.

అమ్మా, యాప్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో, తెర మీద ఉన్నది గొంతుతో చదివి వినిపించే టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కిందికి వెళ్లి ఆన్ చేయడమే. కంప్యూటరయితే అదే పని ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది, అదీ ఉచితమే. అయినా నేను పడ్డ తిప్పలు వినకుండా మాత్రం ట్యాబ్ కొనకండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో మీ పాపలాంటి అమ్మాయే చేరింది. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదివేది, పావుగంటకే తలనొప్పి అనేది. ఊళ్లో ఒకాయన్ని బతిమాలి ట్యాబ్ కొనిపించాను. ప్రేయర్లో అందరిచేతా చప్పట్లు కొట్టించి మరీ ఇప్పించాను. నోట్సులు, మోడల్ పేపర్లు అన్నీ పీడీఎఫ్‌లుగా ఎక్కించాను. తీరా చదవమంటే ట్యాబ్ చదివింది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో బ్రాకెట్లు, డాలర్ గుర్తులు, ఊపిరి తీసుకోకుండా ఒకటే వరస. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ట్యాబ్ చెడిపోయిందనుకుని బీరువాలో పడేస్తే రెండు నెలలు అక్కడే ఉంది.

ట్యాబ్‌కేం కాలేదు. డీటీపీ సెంటర్లలో ఎప్పట్నుంచో వాడుతున్న పాత ఫాంట్లతోనే వచ్చింది చిక్కంతా. వాటిలో తలకట్టుకి ఒక ఇంగ్లీషు అక్షరం, కొమ్ముకి ఇంకొకటి, ఒత్తుకి మరొకటి వాడి, పైకి మాత్రం తెలుగు బొమ్మ చూపిస్తారు. చూసి చదివేవాళ్లకి ఏ తేడా తెలీదు. గొంతుతో చదివే సాఫ్ట్‌వేర్ లోపలున్న ఆ ఇంగ్లీషు అక్షరాలనే చదువుతుంది పాపం. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్ పద్ధతిలో టైపు చేస్తేనే దానికి అది తెలుగని తెలుస్తుంది.

అందుకే ముందు ఈ పరీక్ష చేయండి. పాప చదవాల్సిన పీడీఎఫ్ ఏదైనా తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగే వస్తే మీ పని సగం అయిపోయినట్టే. చెత్త వస్తే, అసలు సెలెక్టే కాకపోతే, లక్ష రూపాయల ట్యాబ్ కొన్నా అంతే. కొన్నిసార్లు తెలుగు వస్తుంది గానీ ఒత్తులు ఎగిరిపోయి, గుడులు పక్క అక్షరానికి అతుక్కుని ఉంటాయి. అదీ చదవడానికి పనికిరాదు.

అలాంటప్పుడు నేను చేసేది ఇది: పేజీలని ఫోటోలుగా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరుస్తాను. బొమ్మలో ఉన్న తెలుగుని అక్షరాలుగా మార్చి ఇస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే బాగానే వస్తుంది, జిరాక్సు కాపీలయితే తప్పులు ఎక్కువ. తప్పులు దిద్దే పని నేను ఒక్కణ్ణే చేయలేక క్లాసులో నలుగురు పిల్లలకి పంచాను. ఆ నలుగురికీ పాఠం కంఠతా వచ్చేసింది, అది వేరే సంగతి! అవసరమున్న పిల్లల కోసం పుస్తకాన్ని ఇలా మార్చుకోవచ్చా అని కొందరు భయపడతారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ఈ వెసులుబాటు ఇచ్చారు, అమ్ముకోకుండా ఉంటే చాలు. కథల పుస్తకాలకి సుగమ్య పుస్తకాలయ అని, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసం ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. 2016లో మొదలైంది. పాప పేరు నమోదు చేయించండి.

వినడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. మొదటి వారం ఆ గొంతు నచ్చక మా క్లాసు అమ్మాయి ఏడ్చింది. రోజుకి పది నిమిషాలు, అదీ తనకిష్టమైన కథలతో, బాగా నెమ్మదిగా పెట్టి మొదలుపెట్టాం. సంక్రాంతి సెలవులకల్లా నాకు ఒక్క మాటా అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటోంది. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టమనండి, రెండో చెవి టీచరుకి కావాలి. కాస్త చూపు ఉంది కాబట్టి నల్లని తెర మీద తెల్లని పెద్ద అక్షరాలు కూడా పెట్టి చూడండి. బోర్డుని ఫోటో తీసి పెద్దది చేసుకోవడం ఆ అమ్మాయి తనే కనిపెట్టింది.

లెక్కలు మాత్రం విని నేర్చుకోవడం కష్టం. ఎక్స్ స్క్వేర్‌ని చాలాసార్లు 'ఎక్స్ రెండు' అని చదివేస్తుంది. త్రిభుజాలు, వృత్తాలయితే బొమ్మలు కాబట్టి చాలావరకు చదవదు. మా లెక్కల సారు అట్ట మీద ఫెవికాల్ గీసి పురికొస అతికించేవారు, ఆరాక వేళ్లతో తడిమి చూసుకునేది. ఖర్చు పది రూపాయలు. ఆ ట్యాబ్ కంటే ఆ అట్టలే ఎక్కువ ఉపయోగపడ్డాయని ఆయన ఇప్పటికీ నన్ను ఏడిపిస్తారు. ఇంకో మాట, మేం టీచర్లం 'ఇది తీసుకెళ్లి ఇక్కడ వేస్తే ఇదొస్తుంది' అంటూ ఉంటాం. ఏది, ఎక్కడ? బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయమని మీ పాప టీచర్లని మొహమాటం లేకుండా అడగండి.

అదే క్లాసులో ఇంకో అబ్బాయి ఉండేవాడు. చూపు చక్కగా ఉంది, నోటితో ఏదడిగినా చెప్తాడు, చదవమంటే మాత్రం ప-వ, ఘ-ఝ కలిసిపోయేవి. మొద్దబ్బాయని నేనూ అనేసుకున్నాను, దాచడమెందుకు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని ట్యాబ్‌లో పాఠం వింటూ, వేలు పుస్తకంలో వరస మీద పెట్టుకుని చూడ్డం మొదలుపెట్టాక వాడి మార్కులే ముందు పెరిగాయి. తర్వాత పరీక్ష చేయిస్తే డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో వచ్చే ఇబ్బంది అన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఉంది, అంతకుముందున్న 1995 చట్టంలో లేదు.

మీ పాపకి వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చే సర్టిఫికెట్ (సదరం) ఇంకా తీసుకోకపోతే ఇప్పుడే ఆ పని చూడండి. నలభై శాతం, అంతకు పైన ఉంటే చాలా సదుపాయాలు దాంతోనే వస్తాయి. పదో తరగతిలో స్క్రైబ్ (పాప చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కావాలంటే హెడ్మాస్టరు గారి ద్వారా ముందే కాగితాలు కదలాలి, ఆఖరి నెలలో పరుగెత్తితే కుదరదు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి రిసోర్స్ టీచర్‌ని ఒకసారి కలవండి.

ట్యాబ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వాట్సాప్ పరీక్ష చేసి, ఏమొచ్చిందో ఇక్కడే రాయండి. చెత్త వస్తే ఒక పేజీ పెట్టండి, ఎలా మార్చాలో చెప్తాను.