అమ్మకు క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో చెప్పే రక్తపరీక్ష) 2.8 వచ్చింది, గంజి మీదనే ఉంచుతున్నం, రెండు నెలల్ల బక్కపడ్డది, పప్పు కూడా బంద్ పెట్టమంటున్నరు. ఏం వండాలె?

తమ్మీ, ముందుగాల అమ్మను గంజి మీద ఉంచుడు ఆపు. రెండు నెలల్ల బక్కపడ్డదని నువ్వే రాసినవ్. క్రియాటినిన్ పెరిగిందని తెలువంగనే చుట్టాలందరు డాక్టర్లైతరు. పప్పు వద్దు, పండు వద్దు, గుడ్డు ముట్టొద్దు అంటరు. మా మామకు షుగర్‌తోని కిడ్నీలు దెబ్బతిన్నయి. హన్మకొండల మా ఇంట్ల ఆయన వంట చూసుకునేది నేనే కాబట్టి చెప్తున్న.

డయాలసిస్ లేనోళ్లకు మామూలుగ చెప్పే లెక్క, కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రొటీన్. అమ్మ 50 కిలోలుంటే 40 గ్రాములు. అంటే తగ్గించుడే గాని బంద్ పెట్టుడు కాదు. మొత్తం ఆపితే ఒంట్ల కండ కరుగుతది. ఒక గుడ్డు తెల్లసొనల మూడున్నర గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటది, కిడ్నీలు సరిగ లేకుంటే ఒంట్ల పేరుకునే భాస్వరం (ఫాస్ఫరస్) చాలా తక్కువ. డయాలసిస్ మొదలైనోళ్లకైతే 1 నుంచి 1.2 గ్రాముల దాక పెంచమంటరు, అందుకే పక్కింటోళ్ల డైట్ చీటీ మనకు పనికిరాదు.

ఇగ టమాట, అరటిపండు, ఆలుగడ్డ, కొబ్బరినీళ్లు. ఇవి మానాల్నా వద్దా అనేది రక్తంల పొటాషియం చెప్తది. మామూలుగ 3.5 నుంచి 5 మధ్యల ఉండాలె. నువ్వు క్రియాటినిన్ ఒక్కటే రాసినవ్, పొటాషియం ముచ్చటే లేదు. అది ఎక్కువుంటే ఆలుగడ్డను చెక్కు తీసి, సన్నగ కోసి, నీళ్లు దండిగ పోసి ఉడకబెట్టి, అన్నం వార్చినట్టు ఆ నీళ్లు వంపెయ్యాలె. ఊకె నానబెడితే అంతగ పోదు. బీరకాయ, ఆనిగెపుకాయ, దొండకాయ, క్యాబేజీకి ఈ తిప్పలు అంతగ ఉండవు. పండ్లల్ల యాపిల్, అనాస నయం.

అన్నిటికంటే కష్టం ఉప్పుతోనే. దినమంతటికి 5 గ్రాములు దాటొద్దు, అంటే ఒక టీ చెంచాడు. తొక్కు, అప్పడం, బయట కొన్న మిక్చర్ అన్నీ అందులకే వస్తయి. మా మామకు మామిడికాయ తొక్కు లేంది ముద్ద దిగకపోయేది. ఇప్పుడు ఆయన కూర పక్కకు తీసి, ఉప్పు వెయ్యకుండ వండి, ఆయన వంతు ఉప్పు కంచంలనే పైన చల్లుత. నాలుకకు ఉప్పు సూటిగ తగుల్తది, ఎంత తిన్నడో లెక్క కూడా ఉంటది. పచ్చిపులుసుల చింతపండు సగం చేసి, నిమ్మకాయ పిండి, పచ్చిమిర్చి నిప్పుల మీద కాల్చి పిసికి, జీలకర్ర, ఎల్లిగడ్డ పోపు పెడ్త. పులుపు, కారం నోటికి తగిలినంక ఉప్పు తక్కువైందని ఆయన అడుగుడు తగ్గింది. మొదటి వారం మాత్రం కంచం నూకేసిండు, అది భరించాలె.

సోడియం తక్కువని షాపుల అమ్మే ఉప్పు మాత్రం తేకు. అందుల సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతరు. కిడ్నీలు సరిగ లేనోళ్లకు అది గుండె మీదికి తెస్తది.

జొన్నరొట్టెల భాస్వరం ఎక్కువని మానమంటరు. గింజలల్ల భాస్వరం ఒంటికి పట్టేది తక్కువ, నల్ల కూల్‌డ్రింకులల్ల, ప్యాకెట్ సరుకులల్ల కలిపేదే ఎక్కువ పడ్తది. పైగా రొట్టెల మేం ఉప్పెయ్యం. మా డాక్టర్ వద్దనలే, మామ రాత్రిపూట రొట్టె, బీరకాయ కూరనే తింటడు.

తిండి ముచ్చట కాదు గాని, అమ్మకు మోకాళ్ల నొప్పులుంటే మెడికల్ షాపుల డైక్లోఫెనాక్ లాంటి గోలీలు అడిగి తెచ్చి వెయ్యకుర్రి. నాటు మందుల జోలికీ పోవద్దు.

డాక్టర్‌ను అడిగి డైటీషియన్‌కు ఒకసారి చూపించు. పోయేటప్పుడు పొటాషియం, భాస్వరం, అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్), షుగర్ రిపోర్టులు, అమ్మ ఇప్పటి బరువు పట్టుకపో. ఇక్కడ కూడా రాయి, అమ్మ గుడ్డు తింటదో తినదో చెప్పు, పొద్దుగాల్నుంచి రాత్రి దాకా మా ఇంట్ల ఏమేం వండుతమో రాసి పెడ్త.