రక్తం ఎక్కిస్తుంటే చలి వచ్చింది.. ఆపేశాను, తప్పు చేశానా?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. పోయిన వారం నైట్ డ్యూటీలో ఒక పెద్దాయనకు రక్తం పెట్టిన పది నిమిషాలకే వణుకు మొదలైంది, టెంపరేచర్ 98.4 నుంచి 101కి వెళ్లింది. డ్యూటీ డాక్టర్ ఫోన్‌లో అలర్జీకి వాడే ఏవిల్, హైడ్రోకార్టిసోన్ ఇచ్చి స్లోగా ఎక్కించమన్నారు. 'రక్తం ఎక్కితే చలి మామూలే' అన్నారు సీనియర్ సిస్టర్. నాకు భయమేసి ఆపేశాను. మిగిలిన బ్యాగ్ పారేశారు. పేషెంట్ బాగానే ఉన్నారు. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా, మీరు చేసిందే కరెక్టు. రక్తం పెట్టాక చలి రావడం తరచూ చూసేదే, చాలాసార్లు అది బ్యాగ్‌లోని తెల్ల రక్తకణాల వల్ల వచ్చే మామూలు జ్వరమే, పారాసిటమాల్‌తో తగ్గిపోతుంది. కానీ వేరే గ్రూపు రక్తం ఎక్కినా, బ్యాగ్‌లో బ్యాక్టీరియా ఉన్నా కూడా మొదట కనిపించేది అదే చలి, అదే జ్వరం. మంచం పక్కన నిలబడి చూసి ఇది ఫలానా అని ఎవరూ చెప్పలేరు, ఫోన్‌లో అయితే అసలే చెప్పలేరు.

నేను పీజీ చేసే రోజుల్లో వార్డులో ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్లుంటే ఒకరి బ్యాగ్ ఇంకొకరికి పెట్టారు. ఆమె 'నడుం పట్టేస్తోంది, గుండెల్లో ఏదో అవుతోంది' అంటూనే ఉంది, బస్సులో కూర్చుని వచ్చింది కదా అందుకేలే అని దుప్పటి కప్పారు. యూరిన్ బ్యాగ్ కాఫీ డికాక్షన్ రంగుకి మారాక గానీ ఎవరికీ వెలగలేదు. డయాలసిస్‌లు చేస్తే బతికింది. అప్పటి నుంచి 'చలి మామూలే' అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది.

అందుకే ముందు ట్యూబుకి క్లాంప్ వేసి రక్తం ఆపాలి, ఫోన్ తర్వాత. క్యాన్యులా (నరంలో ఉన్న సూది గొట్టం) తీయొద్దు, సెట్ (బ్యాగ్ నుంచి వచ్చే ట్యూబు) మార్చి నార్మల్ సెలైన్ పెట్టండి, ఎందుకంటే పాత ట్యూబులో మిగిలిన రక్తం కూడా లోపలికి పోకూడదు. బీపీ, పల్స్, ఆక్సిజన్ చూసి, బ్యాగ్ మీద, ఫారం మీద, చేతి బ్యాండ్ మీద ఉన్న పేరు, ఐపీ నంబరు, గ్రూపు మళ్లీ చదవండి. తేడా ఉంటే బ్లడ్ బ్యాంకుకి వెంటనే చెప్పాలి, ఈయనకి రావాల్సిన బ్యాగ్ అదే టైముకి ఇంకెవరికో ఎక్కుతూ ఉండొచ్చు.

ఇక ఏవిల్ సంగతి. ఒట్టి దద్దుర్లు, దురద మాత్రమే ఉండి, ఆయాసం లేకుండా, బీపీ బాగుంటే రక్తం ఆపి ఏవిల్ ఇచ్చి, తగ్గాక డాక్టర్ చూసి మెల్లగా మళ్లీ మొదలుపెట్టొచ్చు. చలిజ్వరానికి ఆ లెక్క వర్తించదు. ఆయాసం వస్తే ఇంకా జాగ్రత్త, పెద్దవాళ్లలో రక్తం వేగంగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టి డాక్టర్‌ని మంచం దగ్గరికే రమ్మనాలి.

మీ వార్డులో జరిగిన అసలు తప్పు బ్యాగ్ పారేయడం. సెట్‌తో సహా ఆ బ్యాగ్, రెండో చేతి నుంచి తీసిన కొత్త శాంపిల్, ఆ తర్వాత వచ్చిన మొదటి మూత్రం బ్లడ్ బ్యాంకుకి వెళ్లాలి. శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్ మెషీన్‌లో తిప్పితే పైన తేలే ప్లాస్మా (రక్తంలోని ద్రవం) గులాబీ రంగులో ఉంటే ఎర్ర రక్తకణాలు పగులుతున్నాయని అక్కడే అనుమానం వస్తుంది, గ్రూపు, క్రాస్ మ్యాచ్ (రెండు రక్తాలు సరిపోతాయా అనే పరీక్ష) మళ్లీ చేస్తారు, బ్యాక్టీరియా ఉందేమోనని కల్చర్ చేస్తారు. రియాక్షన్ ఫారం నింపడమంటే మన మీద మనమే కంప్లైంట్ రాసుకున్నట్టు అని చాలామంది భయపడతారు. అది శిక్ష కోసం కాదమ్మా. నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయలాజికల్స్ 2012 డిసెంబరు నుంచి హీమోవిజిలెన్స్ (రక్తం ఎక్కించినప్పుడు వచ్చే రియాక్షన్ల మీద నిఘా) కార్యక్రమం కింద ఈ రిపోర్టులు తీసుకుంటోంది, పేషెంట్ పేరు బయటికి రాదు.

మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండాలని తెలిసినా, రాత్రి ఒక్క సిస్టర్ వార్డంతా చూసుకుంటుంటే ఎలా కుదురుతుంది? అర్జెంటు కాని రక్తం పగలే పెట్టండి అని మీ ఇన్‌చార్జిని గట్టిగానే అడగండి.

ఆ పెద్దాయన విషయం ఇంకా అయిపోలేదు. రక్తం ఎక్కిన రెండు వారాల లోపు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, హెమోగ్లోబిన్ మళ్లీ పడిపోయినా వెంటనే రమ్మని ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. కేస్ షీట్‌లో బ్యాగ్ నంబరు ఉంటుంది, దాంతో ఇవాళే బ్లడ్ బ్యాంకుకి రాసి పంపండి, ఆలస్యమైందని మానేయొద్దు.