వ్యాసం రాస్తున్న తమ్ముడికి, 12,000 ఎంఏహెచ్ గురించి

తమ్ముడూ,

బ్యాటరీలో ఎంత ఛార్జ్ మిగిలిందో చెప్పే బీక్యూ27441 అనే ఫ్యూయల్ గేజ్ చిప్‌తో, దాని హద్దు దాటిన 12,000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్ల) ప్యాక్‌ని కొలవడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయాలు తెలుగులో రాసేవాళ్లు తక్కువ, అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నా.

మొదటి రెండు పేరాలు తీసెయ్. బ్యాటరీని పెట్రోల్ ట్యాంకుతో పోల్చావు. చదవడానికి బాగానే ఉంది గానీ అసలు సంగతిని కప్పేస్తోంది, ఎందుకంటే ట్యాంకులో మట్టం కొలవచ్చు, బ్యాటరీలో అలా నేరుగా కొలిచేదేమీ లేదు. బీక్యూ27441 చూసేది సెల్ వోల్టేజీ, ఉష్ణోగ్రత, 10 మిల్లీఓమ్‌ల రెసిస్టర్ మీద పడే వోల్టేజీ, అంతే. మిగతాదంతా లెక్క. 2 ఆంపియర్లు పారితే రెసిస్టర్ మీద 20 మిల్లీవోల్టులు వస్తాయి, ఎంత కరెంటు పోయిందో చిప్‌కి తెలిసేది దాన్నిబట్టే. ఈ ముక్క అర్థమైతే మిగతాది పాఠకుడే ఊహించుకోగలడు, కాబట్టి అక్కడే మొదలుపెట్టు.

'8000 దాటితే కుదరదు' అని ఒక్క లైన్లో తేల్చేశావు. ఎందుకో చెప్పు. డిజైన్ కెపాసిటీకి, అంటే బ్యాటరీ ఎంతదో చిప్‌కి మనం చెప్పే అంకెకి, పైహద్దు 8000 ఎంఏహెచ్. దాంతోపాటు నింపాల్సిన డిజైన్ ఎనర్జీ (మిల్లీవాట్ అవర్లలో) 32,767 దాటదు, అది ప్లస్, మైనస్ గుర్తుకి ఒక బిట్ పోయే 16 బిట్ల సంఖ్య కాబట్టి. నీది 3000 ఎంఏహెచ్ 18650 సెల్స్ నాలుగు ప్యారలల్‌గా కలిపిన ప్యాక్, అంటే 12,000. దాన్ని సెల్ వోల్టేజీ 3.7తో గుణిస్తే 44,400, అది ఆ గడిలో పట్టదు. ఈ గుణకారం పాఠకుడి కళ్ల ముందే చెయ్యి.

ఇక నీ వ్యాసానికి ప్రాణం రెసిస్టర్ మార్చడం, దానికి నువ్విచ్చింది నాలుగు లైన్లు! అక్కడ ఆగి తీరిగ్గా రాయాలి. 10 తీసి 5 మిల్లీఓమ్‌లది పెడితే చిప్‌కి సగం కరెంటే కనిపిస్తుంది, కెపాసిటీ 6000 అని రాస్తాం, అది తన ముందు 6000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉందనుకుని నిజాయితీగా లెక్కేస్తుంది. శాతం సరిగ్గానే వస్తుంది. టేపర్ రేట్ (ఛార్జింగ్ చివర్లో కరెంటు ఎంతకి తగ్గితే బ్యాటరీ నిండినట్టో చిప్‌కి చెప్పే అంకె) కూడా మార్చక్కర్లేదు: డిజైన్ కెపాసిటీని టేపర్ కరెంటులో పదో వంతుతో భాగిస్తే వచ్చేదే అది, రెండూ సగమయ్యాయి కాబట్టి 240 ఎంఏ టేపర్‌కి అప్పుడూ 500, ఇప్పుడూ 500. కానీ చిప్ చెప్పే కరెంటునీ, మిగిలిన ఎంఏహెచ్‌నీ, పవర్‌నీ నీ కోడ్‌లో రెండుతో గుణించాలి, వోల్టేజీని మాత్రం ముట్టుకోకూడదు. నువ్వు ఇది రాయలేదు, చూసి చేసేవాళ్లు తప్పకుండా బోల్తా పడతారు.

నష్టం కూడా దాచకు. సిగ్నల్ సగమైంది కాబట్టి చిన్న కరెంట్ల దగ్గర పొరపాటు రెట్టింపవుతుంది, ఎక్కువసేపు స్లీప్‌లో ఉండే పరికరానికి ఇది నిజంగా టెన్షనే. 5 మిల్లీఓమ్‌ల దగ్గర బోర్డు మీద రాగి గీత కూడా లెక్కలోకి వస్తుంది, అందుకే కొలిచే తీగలు రెసిస్టర్ కాళ్ల దగ్గర్నుంచే విడిగా రావాలి.

'ఫ్యూయల్ గేజ్ చిప్‌లన్నీ' అని ఎక్కడా అనొద్దు, నంబరుతో సహా రాయి. బీక్యూ27421లో రెసిస్టర్ చిప్ లోపలే ఉంటుంది, ఈ చిట్కా అక్కడ చెల్లదు. మాక్స్17048కి కరెంటు కొలిచే రెసిస్టరే లేదు, వోల్టేజీ చూసి శాతం చెబుతుంది, దానికి కెపాసిటీ చెప్పాల్సిన పనే ఉండదు. బీక్యూ34జెడ్100-జీ1 మామూలుగానే 29 ఆంపియర్ అవర్ల దాకా వెళ్తుంది, కొత్తగా బోర్డు గీసేవాళ్లకి ఆ దారి చెప్పడం నీ బాధ్యత.

'బాగా పనిచేస్తోంది' అన్న వాక్యం కొట్టేసి, ఆ చోట ఒక పట్టిక పెట్టు. 1 ఆంపియర్ స్థిరమైన లోడ్ పెట్టి, గంటగంటకీ మల్టీమీటర్ చూపిన కరెంటు, చిప్ చూపిన కరెంటు, శాతం పక్కపక్కన రాయి. అంకెలు కలవకపోతే కలవలేదనే రాయి, అప్పుడే నిన్ను నమ్ముతారు.

ఇంకొకటి, ఛార్జర్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. 1.5 ఆంపియర్లతో ఈ ప్యాక్ నిండాలంటే 8 గంటల పైమాటే, ఈలోగా ఛార్జర్ సేఫ్టీ టైమర్ అయిపోతే ఛార్జింగ్ మధ్యలోనే ఆగిపోతుంది, చదివినవాళ్లు గేజ్ తప్పు చెబుతోందనుకుంటారు. నీ ఛార్జర్ డేటాషీట్ తెరిచి ఆ టైమర్ ఎంతకి పెట్టి ఉందో చూసి, ఆ పేరా రాసి పంపు.