మూత్రాశయం పక్కన స్కాన్ స్పష్టంగా లేకపోతే

సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక నాన్నగారి పీఎస్‌ఏ (రక్తపరీక్షలో కనిపించే ప్రోస్టేట్ ప్రొటీన్) మళ్లీ 0.6కి పెరిగిందని, గాలియం పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ (రేడియోధార్మిక గాలియం మందు ఎక్కించి క్యాన్సర్ ఎక్కడుందో వెతికే స్కాన్) రిపోర్టులో ‘మూత్రాశయం పక్కన స్పష్టత లేదు’ అని రాశారని, ఇంకా మంచి మెషీన్ వెతకాలా అని అడిగారు. నా అనుమానం మెషీన్ మీద కాదు, మూత్రం మీద.

గాలియం మందు కిడ్నీల గుండా మూత్రంలోకి దిగుతుంది. నిండిన మూత్రాశయం స్క్రీన్ మీద నల్లటి ముద్దలా కనిపిస్తుంది, పక్కనున్న చిన్న మచ్చ అందులో కలిసిపోతుంది. మా బాబాయికీ ఇదే జరిగింది. ఇంజెక్షన్ ఇచ్చి గంట కూర్చోబెట్టారు, బాత్రూమ్‌కి వెళ్లి రమ్మని ఎవరూ అనలేదు. ఆయన మొహమాటపడి అడగలేదు!

ఈసారి ముందే మాట్లాడుకోండి. నీళ్లు బాగా తాగించి, బల్ల ఎక్కే ముందు మూత్రం పోయించాలి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ మందు ఇవ్వొచ్చేమో డాక్టర్‌నే అడగండి, బీపీ, కిడ్నీ సంగతి చూసి ఆయన చెప్తారు. స్కాన్ తొడల నుంచి పైకి మొదలుపెడితే మూత్రాశయం మళ్లీ నిండేలోపు ఆ భాగం అయిపోతుంది. కాసేపాగి పొత్తికడుపు భాగం మాత్రమే ఇంకోసారి తీస్తే, మూత్రం మచ్చ మారిపోతుంది, జబ్బు మచ్చ అక్కడే ఉంటుంది. కానీ గాలియం రేడియోధార్మికత 68 నిమిషాలకోసారి సగమైపోతుంది, మరీ ఆలస్యమైతే బొమ్మ గరుకుగా వస్తుంది.

గాలియం బదులు ఫ్లోరిన్ ఉండే పీఎస్‌ఎంఏ-1007 అనే స్కాన్ మందు దొరికితే అడగండి. అది ఎక్కువగా లివర్ గుండా పోతుంది, మూత్రంలోకి వచ్చేది తక్కువ. దానితో ఒక తలనొప్పి ఉంది, పక్కటెముకల్లో ఉత్తుత్తి మచ్చలు చూపిస్తుంది. వాటిని చూసి టెన్షన్ పడకండి, డాక్టర్‌తో సరిచూసుకోండి. పాత స్కాన్ సీడీ మాత్రం వెంట తీసుకెళ్లండి.