పాత బుల్లెట్ చప్పుడు కొత్తదానికి ఎందుకు రాదు? బండి మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారిది 1988 నాటి బుల్లెట్ 350. నేను పోయినేడు కొత్త బుల్లెట్ కొన్నాను. పేరు అదే, సీసీలు కూడా దాదాపు అంతే. కానీ ఆ డుగ్ డుగ్ లేదు. సైలెన్సర్ మారిస్తే వస్తుందని షెడ్డులో అంటున్నారు. నిజమేనా? ఇంకొకటి, నాన్నగారి బండి కిక్కు వెనక్కి తంతోంది. ఏం చేయాలి?
(నరసరావుపేట)

జవాబు: రాదు. చప్పుడు పెరుగుతుందే తప్ప ఆ లయ రాదు. లయ పుట్టేది సైలెన్సర్లో కాదు, కింద క్రాంకు (పిస్టన్ కదలికను చుట్లుగా మార్చే ఇరుసు) దగ్గర.

పాత ఇంజను కొలతలు చూడండి. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. సిలిండరు సన్నం, పిస్టన్ నడక పొడుగు. నిమిషానికి 5,600 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి దాదాపు 17 మీటర్లకు చేరుతుంది. 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న వంద సీసీ హోండా ఇంజను 8,000 తిరిగినా ఆ వేగం 13 దగ్గరే ఉంటుంది. కాబట్టి బుల్లెట్‌ను గిరగిరా తిప్పడానికి కట్టలేదు, నిదానంగా లాగడానికి కట్టారు. నిదానంలో ఆగిపోకుండా బరువైన ఫ్లైవీళ్లు పెట్టారు. ఫోర్ స్ట్రోక్ గనక రెండు చుట్లకు ఒక్కసారే పేలుతుంది. ఐడ్లింగు (యాక్సిలరేటర్ తిప్పనప్పుడు ఇంజను తిరిగే వేగం) 700 దగ్గర నిలిపితే సెకనుకి ఆరు పేలుళ్లు కూడా ఉండవు. చెవికి ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తుంది. దానికి వాల్వులను కదిపే పుష్‌రాడ్ల టకటక, ప్రైమరీ చైను గరగర, ఇంజను వేరు గేరుబాక్సు వేరు కావడంతో వచ్చే అదురు కలిసేవి. (అందరూ ఇనుప ఇంజను అంటారు గానీ ఇనుముది సిలిండరు మాత్రమే. హెడ్డు అల్యూమినియమే.)

2008 తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజన్లో బోరు, స్ట్రోకు అవే ఉంచి, ఇంజనూ గేరుబాక్సూ ఒకే కేసులో పెట్టారు. టాపెట్లు హైడ్రాలిక్ అయ్యాయి, టకటక తగ్గింది. 2020లో మీటియర్ బండితో మొదలైన ఇంజనే ఇప్పుడు మీ బండిలో ఉన్నది. దాని బోరు 72, స్ట్రోకు 85.8, మొత్తం 349 సీసీ. పుష్‌రాడ్లు పోయి, వాల్వులు తెరిచే క్యాము హెడ్డులోకి వెళ్లింది. అన్నిటికంటే పెద్ద మార్పు బ్యాలెన్సర్ షాఫ్టు. ఒకే పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకునే బరువును క్రాంకు మీది ఎదురు బరువులు సగమే సరిచేయగలవు. మిగతా సగాన్ని, క్రాంకుకి ఎదురు దిక్కులో అదే వేగంతో తిరిగే ఈ షాఫ్టు సర్దుతుంది. హ్యాండిల్లో అదురు పోయింది. చాలామందికి ఆ అదురు కూడా 'చప్పుడు'లో భాగమే, అందుకే ఏదో పోయినట్టు అనిపిస్తుంది. ఐడ్లింగును కూడా కంప్యూటరు వెయ్యి దగ్గరే పట్టి ఉంచుతుంది, మెకానిక్ స్క్రూ తిప్పి దించే వీలు లేదు.

దించనివ్వకపోవడమే మంచిది. పాత బుల్లెట్ ఆయిల్ పంపు నిదానంలో పెద్దగా తోయదు. పిస్టన్ను క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు పెద్ద కన్ను తిరిగేదేమో బుష్ (లోహపు వలయం) మీద. చప్పుడు కోసం ఐడ్లింగు బాగా దించి గంటలకొద్దీ ఉంచితే ఆ బుష్‌కి ఆయిల్ చాలక అరుగుతుంది. నాన్నగారి బండిని కూడా మరీ కిందికి దించకండి.

కొత్తదానికి సైలెన్సర్ మారిస్తే ఇంకో చిక్కు ఉంది. పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సారు, క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటాయి. సెన్సారు లెక్క తప్పితే పెట్రోలు కలిపే పాళ్లు తప్పుతాయి. పోలీసుల జరిమానా దీనికి అదనం.

ఇక కిక్కు. వెనక్కి తన్నిందంటే పిస్టన్ పైకి చేరడానికి చాలా ముందే నిప్పు పడుతోందన్నమాట. ముందు పాయింట్ల (విడిపోగానే ప్లగ్గులో నిప్పు పుట్టించేవి) గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందా చూడండి. గ్యాపు పెరిగితే టైమింగు కూడా ముందుకు జరుగుతుంది. తర్వాత పిస్టన్ పై అంచుకి 0.8 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు పాయింట్లు విడిపోవాలి. ఇది అడ్వాన్సు బరువులు (వేగం పెరిగే కొద్దీ టైమింగును ముందుకు జరిపేవి) మూసుకుని ఉన్నప్పటి లెక్క. ఆ బరువుల స్ప్రింగులు సాగినా, తుప్పుతో బిగుసుకున్నా బండి ఎప్పుడూ అడ్వాన్సులోనే ఉంటుంది. ఎంతమంది కార్బొరేటర్ విప్పినా అప్పుడు లాభం లేదు. కిక్కు కొట్టే పద్ధతి కూడా ముఖ్యం. తాళం తిప్పి ఆన్ చేసి, కిక్కును మెల్లగా తొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా తేవాలి. డీకంప్రెషర్ (సిలిండర్లో ఒత్తిడిని వదిలే లీవరు) నొక్కి ఇంకొంచెం కిందికి తోసి వదిలేయాలి. కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు యాక్సిలరేటర్ తిప్పకుండా ఒక్కటే నిండు కిక్కు కొట్టాలి. మడమతో కాదు, పాదం మధ్యతో.

ప్రశ్న: ఆర్‌ఎక్స్ 100 కూడా వంద సీసీయే, స్ప్లెండర్ కూడా వంద సీసీయే. మరి పికప్‌లో అంత తేడా ఎందుకు? నా ఆర్‌ఎక్స్‌కి బోరు చేయించి (సిలిండరు లోపల తరిగించి) రెండు నెలలు కాలేదు, పిస్టన్ బిగుసుకుపోయి మళ్లీ సీజ్ అయింది. మెకానిక్ పిస్టన్ నాసిరకం అంటున్నాడు.
(ఖమ్మం)

జవాబు: యమహా ఆర్‌ఎక్స్ 100 కొలతలు 50 బై 50, 98 సీసీ, 11 హార్స్‌పవర్. అదే 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ఇంజను, స్ప్లెండర్‌కి తల్లి, 50 బై 49.5. పవరు ఏడున్నర దరిదాపుల్లో. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్, ప్రతి చుట్టుకీ పేలుతుంది. రెట్టింపు పేలుళ్లకి రెట్టింపు పవరు రావాలి కదా అంటే రాదు. సిలిండరు గోడలోని పోర్టులు (గాలి, పొగ పోయే రంధ్రాలు) తెరిచి ఉన్నంత సేపూ స్ట్రోకులో ఆ భాగం వృథా. పైగా కాలిన పొగను తోసేది లోపలికి వచ్చే కొత్త పెట్రోలు గాలే. అందులో కొంత కాలకుండానే సైలెన్సర్లోకి జారిపోతుంది. వెనక్కి జారబోయేదాన్ని మళ్లీ సిలిండర్లోకి నెట్టడానికే ఆ సైలెన్సరు కడుపు ఉబ్బి, చివర సన్నబడుతుంది. లోపల పుట్టే ఒత్తిడి అల వెనక్కి కొట్టి పని చేస్తుంది. దాన్ని కోసి పొట్టి చేసేవాళ్లు చప్పుడు సంపాదించుకుని లాగుడు పోగొట్టుకుంటున్నారు. ఆ కాలని పెట్రోలే ఆర్‌ఎక్స్ కొంప ముంచింది కూడా. పొగ నిబంధనలు బిగిసే కొద్దీ టూ స్ట్రోక్‌కి దారి మూసుకుపోయింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది.

మీ సీజింగుకి పిస్టన్ను తిట్టేముందు మూడు చోట్ల వెతకండి. మొదటిది ఎడమవైపు, మాగ్నెటో వెనకాల ఉండే క్రాంకు ఆయిల్ సీలు. అది చిరిగితే క్రాంకు కేసు అక్కడ గాలి పీలుస్తుంది. మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే బండి అయితే దాంతోపాటే ఆయిలూ తగ్గినట్టు. యాక్సిలరేటర్ వదిలినా రేసు వెంటనే దిగకపోవడం దీని గుర్తు. ప్లగ్గు మూతి తెల్లగా ఉంటుంది. కుడివైపు సీలు పోతే మాత్రం గేరు ఆయిల్‌ను లాగి తెల్లటి పొగ వదులుతుంది, గేరుబాక్సులో ఆయిల్ మట్టం తగ్గుతూ ఉంటుంది. రెండు సీళ్లూ ఎండిపోయిన పాత బండికి ఒక్క బోరు మాత్రమే చేయించడం డబ్బు దండగ.

రెండోది ఆటోల్యూబ్ పంపు, అంటే ఇంజనుకి ఆయిల్ దానంతట అదే పంపేది. ఆయిల్ ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే పైపులో గాలి చేరుతుంది. గాలి తీయకుండా నడిపితే పంపు తిరుగుతుంది, ఆయిల్ రాదు. పంపు కేబులు, యాక్సిలరేటర్ కేబులు కలిసి కదలాలి. కేబులు మార్చినప్పుడు గుర్తుకి గుర్తు కలపడం చాలాచోట్ల మర్చిపోతారు. పంపు పీకేసిన బండి అయితే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ టీ ఆయిల్, బోరు కొత్తది అయితే మొదటి 500 కిలోమీటర్లు 30. అంతకంటే ఎక్కువ పోస్తే మంచిదనుకోకండి. కార్బన్ పేరుకుని ఎగ్జాస్టు పోర్టు, సైలెన్సర్ లోపలి బాఫిల్ పూడుకుంటాయి.

మూడోది బోరు చేసిన తీరు. పిస్టన్ చేతికి వచ్చాక దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు సిలిండరును హోనింగ్ చేయాలి. రెండింటి మధ్య సందు సుమారు 0.04 మిల్లీమీటర్లు. 0.50 మిల్లీమీటర్ల ఓవర్ సైజు పిస్టన్ కదా అని లెక్క కొద్దీ కోసేస్తే కుదరదు. పోర్టుల అంచుల పదును కూడా కొద్దిగా చంపాలి, లేకపోతే రింగులు తగులుకుని విరుగుతాయి. విప్పిన పిస్టన్ చూడండి. నాలుగు మూలలా నిలువు గీతలు ఉంటే సందు చాలలేదు, లేదా వేడెక్కకుండానే లాగించారు. ఎగ్జాస్టు వైపు మాత్రమే కరిగినట్టు ఉంటే గాలి పీలుస్తోంది, లేదా మెయిన్ జెట్టు పూడింది.

ప్రశ్న: నా బీఎస్ 6 బండికి బ్యాటరీ దిగిపోతే తోసినా స్టార్టు కాలేదు. పాత బండి ఎన్నిసార్లు తోశానో! ఇదేం అభివృద్ధి?
(అనంతపురం)

జవాబు: కార్బొరేటర్‌కి కరెంటు అక్కర్లేదు, పెట్రోలు కిందికి దానంతట అదే దిగేది. మీ బండిలో ట్యాంకులో ఉన్న పంపు పెట్రోలును సుమారు 3 బార్ ఒత్తిడితో ఇంజెక్టరుకి పంపాలి. పంపు, ఇంజెక్టరు, కంప్యూటరు మూడూ బ్యాటరీ మీదే ఆధారం. కాస్త ప్రాణం ఉంటే తోస్తే అందుకోవచ్చు, పూర్తిగా చచ్చిపోతే కష్టం. కొన్ని చిన్న బళ్లలో మాత్రం కిక్కు కొడితే వచ్చే కరెంటుతోనే ఇంజెక్షను లేస్తుంది. దీనికి బదులుగా మీకు దక్కినవి చోకు లేకుండా చలిలో స్టార్టు కావడం, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 పొగ పరిమితులను దాటకపోవడం. తాళం తిప్పగానే ట్యాంకు కింద 'జుయ్' మని రెండు సెకన్లు వినిపిస్తుంది, అది ఆగాక సెల్ఫ్ కొట్టండి. రిజర్వులోనే ఎప్పుడూ తిప్పకండి, ఆ పంపుని చల్లబరిచేది దాని చుట్టూ ఉండే పెట్రోలే.

ప్రశ్న: కారుకి పోయగా మిగిలిన ఆయిల్ బైకుకి పోయవచ్చా?
(వరంగల్)

జవాబు: పోయకండి. బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్లోనే మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కారు ఆయిల్లో కలిపే జారుడు మందులు ప్లేట్లను జారుస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్లో మునిగే క్లచ్‌కి సరిపోతుందనే గుర్తు) అని ఉంటే తీసుకోండి. ఎంబీ స్కూటర్లకి.

ప్రశ్న: ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందని నేను వెనక బ్రేకే వాడతాను. మా అబ్బాయి అది తప్పంటాడు.
(తణుకు)

జవాబు: మీ అబ్బాయిదే రైటు. బండి, మనిషి కలిపి బరువు కేంద్రం నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు అనుకోండి. గట్టిగా ఆపేటప్పుడు, అంటే 0.7 జీ (భూమి ఆకర్షణలో 0.7 వంతు) దగ్గర, మొత్తం బరువులో 35 శాతం వెనక చక్రం నుంచి ముందుకి మారుతుంది. మామూలుగా ముందు 45 శాతం ఉన్నది 80 అవుతుంది. ఐదో వంతు బరువు మిగిలిన వెనక చక్రాన్ని ఎంత తొక్కినా పట్టేసి జారుతుందే తప్ప ఆపదు. అందుకే 1969లో హోండా సీబీ 750కి డిస్కు ముందు చక్రానికి పెట్టారు, వెనక డ్రమ్మే ఉంచారు. నేటికీ మన బళ్లలో చాలావాటికి అదే వరస.

పల్టీ, జారుడు వచ్చేది లీవరును ఒక్కసారిగా లాగితే. తేలిగ్గా పట్టి, ముందు ఫోర్కు దిగాక ఒత్తిడి పెంచండి. ఇసుక మీద, మలుపులో వంగి ఉన్నప్పుడు, మీ వైపు రోడ్ల మీద ఆరబోసిన వడ్ల మీద మాత్రం ముందు బ్రేకు జోలికి పోవద్దు. వాటి ముందే వేగం తగ్గించాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకి ఏబీఎస్ (చక్రం పట్టేయకుండా ఆపే ఏర్పాటు) తప్పనిసరి చేశారు, అంతకు తక్కువ వాటికి పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పట్టే సీబీఎస్ చాలన్నారు. ఏబీఎస్ సింగిల్ చానెల్ అయితే ముందు చక్రానికే, వెనకది పట్టేస్తుంది. డిస్కు లీవరు స్పాంజిలా దిగుతుంటే ప్యాడ్లు కాదు, ఫ్లూయిడ్ చూడండి. అది తేమ పీలుస్తుంది, రెండేళ్లకొకసారి మార్చాలి.

ప్రశ్న: కొత్త చైను వేయించి ఆరు నెలలే, టకటక మంటోంది. బిగిస్తే రెండు రోజులకే మళ్లీ వదులు.
(నంద్యాల)

జవాబు: చైను ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్లు (చైను తిరిగే రెండు పళ్ల చక్రాలు) ఉంచి ఉంటారు. పళ్ల కొనలు ఒకవైపు వంగి ఉంటే కొత్త చైనును అవే తినేస్తాయి. మూడూ కలిపి సెట్టుగా మార్చండి. చైను సాగిందో లేదో కొలవడానికి, 428 సైజులో ఒక పిన్నుకీ మరో పిన్నుకీ దూరం 12.7 మిల్లీమీటర్లు. లాగి పట్టి 20 లింకులు కొలిస్తే 254 ఉండాలి, 259 దాటితే పని అయిపోయినట్టే.

వదులు కంటే బిగువు ప్రమాదం. వెనక చక్రం పైకీ కిందికీ ఊగేటప్పుడు ముందు స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చిన చోట చైనుకి దూరం అత్యధికం. ఇద్దరు ఎక్కినప్పుడు బండి ఆ గీత దగ్గరికే దిగుతుంది. ఖాళీ బండికి బిగుతుగా ఉన్న చైను అప్పుడు గేరుబాక్సు బేరింగును పీకుతుంది. చిన్న బళ్లకి కింది చైను మధ్యలో 25 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట మామూలు, మీ బండి మాన్యువల్లో ఇంకోలా ఉంటే అదే పాటించండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగువైన చోట ఆ ఆట ఉంచండి. కిరోసిన్‌తో తుడిచి, 90 నంబరు గేరు ఆయిల్ లోపలి వైపు నుంచి వేయండి. ఓ-రింగు చైను (లింకుల మధ్య రబ్బరు వలయాలు ఉన్నది) అయితే పెట్రోలు తగలనివ్వకండి, రబ్బరు పాడవుతుంది.