దూడకు పాములు మట్టిలోంచి కాదు, తల్లి పాలలోంచి వచ్చాయి

ప్రశ్న: మా గేదె దూడకు 25 రోజులు. బంకమట్టి రంగులో, కంపు కొడుతూ పారుతోంది. పొట్ట ఉబ్బింది, వెంట్రుకలు గరుకెక్కాయి. నిన్న పేడలో జానెడు తెల్ల పాము పడింది. మట్టి నాకడం వల్లేనని మూతికి చిక్కం కట్టి, పాలు తగ్గించాం. మందులమ్మే అతను తల్లికి నట్టల మందు తాపమన్నాడు. తాపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ముందు దూడను పాలు ఎప్పటిలాగే తాగనివ్వండి, ఆకలితో ఇంకా నీరసిస్తుంది.

ఇవి ఏలికపాములు. మేతతో గుడ్లు మింగిన గేదె పేగులో పిల్ల పురుగులు బయటికొచ్చి, పేగు గోడను తొలుచుకుని కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా కండల్లోకి చేరి అక్కడే నిద్రాణంగా ఉండిపోతాయి. ఈనే రోజులు దగ్గరపడగానే కదిలి పొదుగుకు చేరతాయి. జున్నుపాలతో, ఆ తర్వాతి రోజుల పాలతో దూడ పేగులోకి దిగి, మూడు వారాల్లో గుడ్లు పెట్టే పాములవుతాయి. కండల్లో దాక్కున్న పిల్ల పురుగులను మామూలు నట్టల మందు చంపదు. తల్లికి తాపమన్నవాళ్లకు ఈ సంగతి తెలియదు. అలాగని జున్నుపాలు మాత్రం ఆపకండి, రోగాలను తట్టుకునే శక్తి దూడకు వాటితోనే వస్తుంది.

దూడను ఎత్తుకుని కాటా ఎక్కండి, మీ బరువు తీసేయండి. కిలోకు 200 మి.గ్రా. చొప్పున పైపరజిన్ ఒకేసారి తాపాలి; 40 కిలోల దూడకు 8 గ్రాములు. సీసా మీద మందు శాతం చదివి లెక్కకట్టండి, మూతలతో కొలవొద్దు. ఇది ఎదిగిన పాములనే దింపుతుంది కనుక మూడు వారాలకు మళ్లీ తాపాలి. పారుడు తగ్గేదాకా ఓఆర్ఎస్ నీళ్లు పాలతో కలపకుండా విడిగా ఇవ్వండి. పాలు తాగకపోయినా, పడుకుని లేవకపోయినా మందు తాపకుండా వెంటనే పశువైద్యుడికి చూపించండి.

ఇకపై పుట్టే ప్రతి దూడకు 10–16 రోజుల మధ్య, పారుడు మొదలవకముందే, లెవామిసోల్ కిలోకు 7.5 మి.గ్రా. ఇవ్వండి. ఈ మందు మోతాదు మించితే ప్రమాదం, అందాజుగా పోయకండి.

చిక్కం ఉండనివ్వండి, కానీ అది ఈ జబ్బుకు మందు కాదు. దూడ ఇప్పుడు మింగే గుడ్లు దాని పేగులో పాములు కావు, కండల్లోకి పోతాయి. అది పెయ్య అయితే రేపు ఈనినప్పుడు తన దూడకు పంచుతుంది. ఒక్క ఆడ పాము రోజుకు వేల గుడ్లు పెడుతుంది, అవి తడి నేలలో నెలల తరబడి బతుకుతాయి. అందుకే పడిన పాములను కాల్చేయండి. ఈ దూడ పేడను రోజూ ఎత్తి, తల్లి మేత వేసే చోటికి దూరంగా కుప్ప వేయండి.