సిలిండర్ పవర్ పెరుగుతోంది, లేజర్ ఆపరేషన్‌కు లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 27, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 38,000. రెండు కళ్లకూ సైట్‌తో పాటు సిలిండర్ పవర్ కూడా ఉంది. నిరుడు 1.50 ఉన్నది ఇప్పుడు 2.25 అయింది. ఆఫీసుకు టోరిక్ లెన్సులు, అంటే సిలిండర్ పవర్ కూడా సరిచేసే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటాను, లెన్సులకూ సొల్యూషన్‌కూ కలిపి నెలకు 2,100 అవుతోంది. ఒక కంటి ఆసుపత్రిలో లేజర్‌కు 90,000 అన్నారు, తమ్ముడికి కూడా చేయిస్తే ఇద్దరికీ కలిపి 1,60,000, అదీ ఈ నెలాఖరు వరకే. వాడు రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదువుతున్నాడు, కళ్లద్దాలు పోతే మెడికల్ గట్టెక్కుతాడని ఇంట్లో ఆశ. నా దగ్గర 60,000 ఉన్నాయి, నెలకు 5,000 చొప్పున 20 నెలల చిట్టీలో 11 కట్టాను. 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: ముందు తమ్ముడి సంగతి, ఎందుకంటే అది ఈ నెలాఖరు లోపే ఆగాలి. అతనికి ఆపరేషన్ చేయించకండి. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు రైల్వే అడిగేది ఏ-1 మెడికల్ స్టాండర్డ్, అంటే కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. అక్కడే ఇంకో నిబంధన ఉంది, లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ గానీ పవర్ తగ్గించే మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు ఆ పోస్టుకు పనికిరారు. నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, మెడికల్ స్టాండర్డ్స్ ఉన్న పేజీ తెరిచి ఇద్దరూ కలిసి చదవండి. ఏ ఉద్యోగం కోసం కోయించుకుంటున్నాడో ఆ ఉద్యోగానికే అడ్డమవుతుంది, పైగా ఆ కోత వెనక్కి తీసుకునేది కాదు. చేయించుకుని దాచిపెడదాం అనే ఆలోచన అసలే వద్దు. అద్దాలతో అతను ఈ పోస్టుకు ఎలాగూ వెళ్లలేడు కాబట్టి, అద్దాలున్నా తీసుకునే సీ-2 స్టాండర్డ్ క్లర్క్ పోస్టుల వైపు ఇప్పటి నుంచే చదవడం మేలు. ఇంట్లో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ ఆపరేషన్ అయ్యాక తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం నయం.

ఇక మీ విషయం. మీ ప్రశ్న మొత్తంలో నన్ను ఆపేసింది వడ్డీ కాదు, 1.50 నుంచి 2.25 అన్న మాట. సిలిండర్ పవర్ అంటే కంటి ముందుండే నల్లగుడ్డు పైపొర (కార్నియా) బంతిలా సమానంగా కాకుండా, ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ వంగి ఉండటం. నాకూ ఉంది. రాత్రి ఎదురుగా వచ్చే బండి లైటు ఒక చుక్కలా కాకుండా ఏటవాలుగా గీతలు గీసినట్టు చీలిపోయి కనిపిస్తుంది, అది పోవాలనే తపన నాకు బాగా తెలుసు. లేజర్‌తో ఆ వంపును సరిచేయడం నిజంగానే పనిచేసే పద్ధతి, మీ పవర్ దాని పరిధిలోనిదే. కానీ పవర్ కనీసం ఏడాది పాటు అర పాయింటుకు మించి మారకుండా నిలబడితేనే చేస్తారు, మీది ముప్పావు మారింది. 27 ఏళ్ల వయసులో సిలిండర్ ఇలా పెరుగుతుంటే కెరటోకోనస్ ఉందేమో చూడాలి, అంటే ఆ పైపొర పలచబడి మొనలా ముందుకు పొడుచుకు రావడం. అది ఉన్న కంటికి లేసిక్ చేస్తే ఆ పొర ఇంకా బలహీనపడి చూపు దెబ్బతింటుంది, దానికి వైద్యమే వేరు. కాబట్టి మీ మొదటి ఖర్చు 90,000 కాదు, కార్నియల్ టోపోగ్రఫీ, అంటే ఆ పైపొర ఆకారాన్ని కొలిచే పరీక్ష ఖర్చు. అదీ ఆఫర్ ఇచ్చిన చోట కాకుండా ఇంకో కార్నియా డాక్టరు దగ్గర చేయించండి. ఈ డబ్బు దగ్గర మాత్రం వెనకాడకండి.

లోన్ లెక్క చూద్దాం. 1,60,000కు 15 శాతం మీద మూడేళ్లంటే ఈఎంఐ దాదాపు 5,550, మొత్తం కట్టేది దగ్గర దగ్గర 2,00,000. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ అదనం. ఇద్దరికీ కలిపి ఆఫర్‌లో మిగిలేది 20,000, వడ్డీకి పోయేది 40,000. ఆసుపత్రిలోనే నో కాస్ట్ ఈఎంఐ అంటే కూడా, క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీ భాగానికి 18 శాతం జీఎస్టీ మీ బిల్లులోనే పడుతుంది, ముందే అడగండి.

అసలు అప్పే అక్కర్లేదు మీకు. చిట్టీ ఇంకో తొమ్మిది నెలల్లో అయిపోతుంది. ఇప్పుడు పాడుకుంటే పాటలో కొంత వదులుకోవాలి, చివరిదాకా ఆగితే కమిషన్ 5 శాతం పోయినా 95,000 చేతికొస్తుంది. ఆపరేషన్ డబ్బు అక్కడే ఉంది. ఈ తొమ్మిది నెలల్లో మీ పవర్ నిలుస్తోందో లేదో కూడా చాలావరకు తెలుస్తుంది, ఖాయంగా చెప్పాలంటే ఏడాది నిండాలి. అప్పటికీ పెరుగుతూనే ఉంటే 95,000 మీ దగ్గరే ఉంటాయి. ఆ 60,000 మాత్రం ముట్టుకోవద్దు, జీతం ఒక నెల ఆగితే మీకున్న ఆధారం అదొక్కటే.

గిట్టుబాటు అవుతుందా అంటే, మీ విషయంలో అవుతుంది. లెన్సుల మీద ఏడాదికి 25,200 పెడుతున్నారు, మూడున్నరేళ్లలో 90,000 తిరిగొస్తుంది. అద్దాలు మాత్రమే వాడేవాళ్లయితే రెండేళ్లకోసారి 5,500 పెట్టినా ఆ డబ్బు రావడానికి 30 ఏళ్లు దాటుతుంది, వాళ్లకు ఇది సౌకర్యం కోసం చేసే ఖర్చే. మీకైనా నలభై దాటాక దగ్గర చూపుకు అద్దాలు రావచ్చు, లేజర్ దాన్ని ఆపదు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. 7.5 డయాప్టర్ల (చీటీ మీద రాసే పవర్ పాయింట్లు) కంటే తక్కువ పవర్ సరిచేసే చికిత్సకు సాధారణ హెల్త్ పాలసీల్లో మినహాయింపు రాసి ఉంటుంది, అంటే డబ్బు ఇవ్వరు. మీరు చెప్పిన సిలిండర్ అంత లేదు, సైట్ పవర్ ఎంతో చీటీలో చూసుకోండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉంటే హెచ్‌ఆర్‌ను ఒకసారి అడగండి, కొన్నింటిలో షరతులు వేరుగా ఉంటాయి. పన్ను మినహాయింపు కూడా రాదు.

అన్నీ సరిగ్గా ఉండి చేయించుకునే రోజొస్తే, 90,000లో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. ముందు పరీక్షలు, చుక్కల మందులు, తర్వాత చూపించుకునే విజిట్లు, కొంచెం పవర్ మిగిలితే మళ్లీ సరిచేయడానికి ఎంత, ఎన్నేళ్ల వరకు. కొన్ని నెలలు కళ్లు పొడిబారితే చుక్కలు కొనాల్సి వస్తుంది, దానికి కొంత పక్కన పెట్టుకోండి. ఫ్లాప్, అంటే పైపొరలో మూతలా కోసి లేపే పలచని రేకు, లేకుండా చేసే పీఆర్‌కే అనే లేజర్ పద్ధతి చెబితే కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, సెలవులకు జీతం కోత పడుతుందేమో చూసుకోండి.

టోపోగ్రఫీకి వెళ్లేముందు లెన్సులు ఎన్ని రోజులు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి, అవి కంటి ఆకారాన్ని కొంత మారుస్తాయి, కొలతలు తప్పొస్తాయి. పాత కళ్లద్దాల చీటీలు ఇంట్లో ఎక్కడున్నా వెతికి, ఏళ్ల వారీగా పేర్చి డాక్టరుకు చూపించండి. కళ్లు నలుపుకునే అలవాటుంటే అదీ చెప్పండి, ఈ రోజు నుంచే మానేయండి.